దాసరి పురుగుకు ముసురే మందు

1949 వానాకాలం. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. సూర్యాపేటలో వ్యవసాయ శాఖ ఫీల్డ్‌మన్‌గా చేరి నాకు రెండో సంవత్సరం. ఊళ్లు తిరిగి పంటలు చూడటం, తెగుళ్లకు సలహా చెప్పటం నా పని.

ఆ ఏడు ఆముదం చేల మీద దాసరి పురుగు విరుచుకుపడింది. ఈనెలు మాత్రం మిగిల్చి ఆకంతా తినేసే పురుగది. పేటకు దగ్గరి ఊళ్లో మల్లమ్మ అనే పెద్దావిడకు రెండెకరాల ఆముదమే ఆధారం. మందు పొడి చల్లుదామని నేను చెప్పిన రోజే ముసురు పట్టింది. వానలో పొడి నిలవదు. వారం దాకా అటు పోలేకపోయాను. చేను పోయే ఉంటుంది, ఆమెకు ఏ ముఖంతో కనబడాలి అనుకుంటూనే వెళ్లాను.

మల్లమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. "గిప్పుడొస్తివా సారూ? నీ మందు రాకముందే పురుగులు ఖతమైనయ్. వచ్చి సూడు."

ఆకులకు అంటుకుని, గట్టిపడి, సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి పురుగులు. భూతద్దంలో చూస్తే బూజు. మేము ఫంగస్ అంటాం. పురుగు ఒంటి మీద మొలిచి, లోపలికి దిగి చంపుతుంది. పుస్తకంలో చదివానే గాని కళ్లతో చూడటం అదే మొదలు. సంతోషం పట్టలేక డబ్బా నిండా ఏరుకున్నాను.

మర్నాడే బస్సెక్కి కోదాడ వెళ్లాను. అక్కడ రాఘవయ్య గారనే రైతు ఆముదానికీ అదే పీడ. చచ్చిన పురుగులను నీళ్లలో నలిపి, వడగట్టి, మిట్టమధ్యాహ్నం ఆకుల మీద చల్లించాను. "వారంలో ఒక్కటీ మిగలదండీ" అని గొప్పగా చెప్పాను కూడా. వారమంతా ఎండ కాసింది. వెళ్లి చూస్తే పురుగులు నిగనిగలాడుతున్నాయి.

"ఏవండీ, మీరు చల్లించింది మందా, వాటికి బలమా?" అన్నారు రాఘవయ్య. కూలీలు పడీపడీ నవ్వారు. "ఇక లాభం లేదు, చేను దున్నేస్తా."

"ఒక్క ముసురు చూసి దున్నండి" అన్నాను. ఎందుకన్నానో నాకే సరిగా తెలియదు.

తిరిగొచ్చి జరిగింది మల్లమ్మకే చెప్పాను. ఆమె నన్ను చేలోకి తీసుకుపోయింది. "గట్టు మీద ఎండ తగిలే చెట్లు సూడు. గాడ పురుగులు బతికే ఉన్నయ్. గీడ పల్లంల, ఆకులు గుబురుగున్న కాడనే సచ్చినయ్. తడి లేంది బూజెట్ల పడతది సారూ? మామిడికాయ తొక్కు కుండల తడి తగిలితేనే గద బూజొచ్చి పాడైతది!"

నేను చచ్చిన పురుగులనే చూశాను. బతికిన వాటి వైపు కన్నెత్తి చూడలేదు.

మళ్లీ మబ్బు కమ్మేదాకా ఆగి, తుంపర మొదలైన సాయంత్రం, మల్లమ్మ చేలో మళ్లీ ఏరిన తెల్ల పురుగుల నీళ్లను కోదాడలో రెండోసారి చల్లించాను. ముసురు నాలుగు రోజులు వదల్లేదు. తరువాతి వారం వెళ్తే రాఘవయ్యే ఎదురొచ్చి, తెల్లబడిన పురుగులున్న ఆకు నా చేతిలో పెట్టారు. అడుగాకులు పోయినా పైన కొత్త చిగురు తొడిగింది. పంట దక్కింది. "ఇది చెప్పినావిడ ఎవరండీ?" అని అడిగి, జామపళ్ల గంపతో నా వెంట వచ్చారు.

మల్లమ్మ గంప అందుకుంది. "పురుగులు సచ్చింది వానకు. పండ్లు మాత్రం నేనే తింట."

తరువాత మిర్యాలగూడకు బదిలీ అయ్యాను. ఏ చేలో దిగినా ముందు ఆకు అడుగున చెయ్యి పెట్టి తడి చూసేవాణ్ని. ఆ తరువాతే పురుగును చూసేవాణ్ని. రోగం పేరు తెలిస్తే చాలదు, అది ఏ గాలిలో, ఏ తడిలో బతుకుతుందో తెలియాలి. ఆ సంగతి చేలో రోజూ నడిచేవాళ్లకు మనకన్నా ముందే తెలిసి ఉంటుంది. అడగటమే మన వంతు.