నా దవడ పన్నుకు పెరిగిన గిరాకీ

ఆ రోజుల్లో నేను ఉద్యోగానికి కొత్త. కొత్త అంటే పాతికేళ్ల పిల్లననుకునేరు, నాకప్పటికి అరవై ఒకటి నిండి రెండు నెలలు. (వయసు దాచుకునే అలవాటు నాకు లేదు, లెక్క తప్పు చెప్పే అలవాటు అసలే లేదు.) మొదటి జీతం అందుకున్న కొత్తలో అందరికీ ఉండే పొగరు నాకూ ఉండేది. కాకపోతే మిగతావాళ్లకు అప్పటికి పళ్లన్నీ ఉంటాయి. మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ కింది అంతస్తులో, పైన కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ల పిల్లల్ని చూసుకోవడం నా పని. అన్నం తినిపించాలి, కథలు చెప్పాలి, నిద్రపుచ్చాలి. గదిలో కెమెరాలుండేవి. తల్లులు పైనుంచే ఫోన్లలో పిల్లల్ని చూసుకుంటూ పని చేసుకునేవారు.

చేరిన రెండో నెలలో కుడి దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. ఎడమ వైపు దవడ పళ్లు అప్పటికే లేవు. నొప్పి అన్నప్పుడల్లా ఎవరో ఒకరు "పీకించెయ్, పీడా పోతుంది" అన్నారు, నేను సరేనన్నాను, అంతే. ఇప్పుడీ పన్ను కూడా పోతే జీవితాంతం మెత్తన్నమే గతి. లవంగం పెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, మందుల షాపతను ఇచ్చిన మాత్రలు మింగాను. ఏదీ ఒక పూట దాటి పనిచేయలేదు. దవడ మీద చెయ్యి వేసుకునే కథలు చెప్పేదాన్ని. పిల్లలు కథ విన్నారో లేదో గానీ నా చెయ్యిని మాత్రం బాగా గమనించారు. ఒక బుధవారం మధ్యాహ్నం అందరూ దవడలకు చేతులు ఆనించుకుని, మొహాలు వేలాడేసుకుని వరసగా కూర్చున్నారు. ముగ్గురు తల్లులు ఒకే లిఫ్టులో పరుగున దిగారు. "ఏమైందండీ పిల్లలకి? అందరికీ గవదబిళ్లలా?" అని ఒకావిడ ఏడుపు.

మా మేనేజరమ్మ (కోస్తా వైపు అమ్మాయి, తిట్టినా 'అండి' చేర్చే తిడుతుంది) నన్ను పక్కకు పిలిచింది. "ఆంటీ, వచ్చే వారంలోపు ఆ పన్ను పీకించేసుకోండి. లేకపోతే సెలవు పెట్టేయండి. ఇలా అయితే కష్టమండి."

"సెలవూ పెట్టను, పన్నూ పీకించను. బాగు చేయించుకుంటాను" అన్నాను.

అదే మేడలో ఒక పళ్ల క్లినిక్ ఉంది. లైట్లు చూస్తే బంగారం కొట్టు అనుకుంటారు. ఎక్స్‌రే తీశాక డాక్టరు రెండు నిమిషాలు చూసి వెళ్లిపోయాడు. డబ్బు మాట్లాడటానికి కోటు వేసుకున్న వేరే అమ్మాయి వచ్చింది.

"రూట్ కెనాల్, పైన క్యాప్, మొత్తం పద్నాలుగు వేల ఐదు వందలు మేడమ్. ఇన్సూరెన్స్ ఉందా?"

నా జీతం పన్నెండు వేలు. మా కాంట్రాక్టు మనుషులకు ఇన్సూరెన్స్ లేదు. పై అంతస్తుల వాళ్లకు ఉన్నదాంట్లో కూడా పళ్లు రావట. (పళ్లు ఒంట్లో భాగం కాదని తేల్చిందెవరో కనుక్కోవాలని నాకింకా ఉంది.)

"లేదమ్మా."

"ఈఎంఐ పెట్టుకోవచ్చు మేడమ్, ఆరు నెలలు."

"కట్టేదాకా పన్ను మీ పేరు మీదుంటుందా, నా పేరు మీదా?"

ఆమె నవ్వలేదు. "అంత కష్టమైతే తీయించేసుకోండి. చీప్‌లో అయిపోతుంది. ఈ ఏజ్‌లో పర్లేదు మేడమ్."

ఆ 'ఈ ఏజ్‌లో' పంటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. "నా వయసుకొచ్చాక నువ్వు దేంతో నములుతావో చూస్తాను" అన్నాను. (అప్పటికి నేనెక్కడుంటానో లెక్క వేయలేదు.) "ఎక్స్‌రేకి డబ్బు కట్టాను, అది నాకిచ్చెయ్" అని ఫిల్ము పర్సులో పెట్టుకుని లేచొచ్చాను.

బయట వరండా తుడుస్తున్న పాలమూరు చెల్లె నన్ను ఆపింది. చెల్లె అంటే సొంత చెల్లెలు కాదు, మేడలో ఊడ్చే పని చేసే మనిషి, నాకు అక్కడ దొరికిన మొదటి స్నేహితురాలు.

"ఏందక్కా, మొఖం గట్ల పెట్టినవ్?"

చెప్పాను.

"ఒక్క పంటికి గన్ని పైసలా! బాచుపల్లి దిక్కు పంటి డాక్టర్ల కాలేజీ ఉన్నది. ఆడ సదువుకునే పోరలే చేస్తరు, పెద్ద సార్లు పక్కన నిలవడి చూస్తరు. మా మరిది గాడనే చేపిచ్చుకున్నడు. ఏం ఫికర్ లేదు, పో."

"మరి నీ పన్ను విరిగి ఏడాదైంది కదా, నువ్వెందుకు పోలేదు?"

"నాకు సూదంటే భయం గదక్కా" అని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

శనివారం చందానగర్‌లో బస్సెక్కి వెళ్లాను. చీటీ రాయించుకుని కూర్చున్నానో లేదో, సోడాబుడ్డి కళ్లద్దాల పిల్ల ఒకతె తెల్లకోటులో పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, బాగున్నారా? నీళ్లు తాగుతారా? ఫ్యాన్ కింద కూర్చోండమ్మా." నా కన్నకూతురు కూడా నాకింత మర్యాద చేయలేదు. అనుమానం వచ్చింది. నోట్లోకి లైటు వేసి చూసి, "తీసేద్దామమ్మా, ఐదు నిమిషాల పని" అంది ఆశగా.

"ఎందుకంత తొందర?"

పాపం, ఆ పిల్లకి అబద్ధం రాదు. అక్కడొక పద్ధతి ఉందట. ఒక్కో విద్యార్థి ఇన్ని పళ్లు తీయాలి, ఇన్నింటికి వైద్యం చేయాలి అని లెక్క. అది పూర్తయితేగానీ పరీక్షకు కూర్చోనివ్వరు. "నాకింకా ఒక్క పన్నే తక్కువమ్మా. సోమవారమే ఆఖరు."

ఇంతలో పక్క గదిలోంచి గడ్డం అబ్బాయి ఒకడు వచ్చాడు. ఆ పిల్లకంటే పై చదువు చదివేవాడు. నా ఎక్స్‌రే అందుకుని చూశాడు. "ఏయ్, ఇది తీసేది కాదు, ఈ పన్ను బతుకుతది. నాకు దవడ పన్ను రూట్ కెనాల్ కేసు కావాలె."

"సార్, ముందు నేను చూశాను!"

"చూస్తే నీదైతదా? అమ్మా, నా దగ్గరికి రండి, ఆటో కిరాయి నేనిస్త."

"నేను పోనూ రానూ ఇస్తానమ్మా!"

ఈ ఏజ్‌లో పర్లేదన్న పన్నుకు వేలంపాట! నవ్వితే నొప్పి, నవ్వకపోతే ఇంకా నొప్పి. "ఆగండి" అన్నాను. "ఆటో నాకక్కర్లేదు, బస్సుంది. పన్ను మీ ఇద్దరిదీ కాదు. పెద్ద సారును పిలవండి. ఇది నిలుస్తుందని ఆయనంటే మాత్రం, ఎవరి పరీక్ష ఏమైనా సరే, పీకనివ్వను."

పెద్ద సారు తీరిగ్గా వచ్చి, పన్నును తట్టి చూసి, ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తి పట్టుకున్నారు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"వేర్లు బలంగా ఉన్నాయమ్మా. తీయాల్సిన పని లేదు."

గడ్డం అబ్బాయి మొహం వెలిగింది. సోడాబుడ్డి అద్దాల వెనక నీళ్లు తిరిగాయి. "ఏడవకు" అన్నాను. "నిజంగా తీయాల్సిన పన్ను ఒకటి నాకు తెలుసు. సోమవారం పొద్దున్నే తీసుకొస్తాను."

పాలమూరు చెల్లెను బస్సెక్కించడానికి నాకు పట్టిన శ్రమ ఏ డాక్టరూ పడి ఉండడు. "నన్ను పొమ్మన్నావు, నేను పోయాను. ఇప్పుడు నువ్వు పద." దారి పొడుగునా "అక్కా, నన్ను బలిస్తున్నవ్" అని ఒకటే గోల. పెద్ద సారు చూసి తీయక తప్పదన్నాకే సూది వేశారు. పని అయ్యాక నోట్లో దూదితోనే, "గింతేనా! గింతదానికి ఏడాది పరేషాన్ అయిన్నా?" అంది. సోడాబుడ్డి పిల్ల ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు.

గడ్డం అబ్బాయి వైద్యం మొదలుపెట్టిన ఆ మొదటి శనివారమే నా సలపరం పోయింది. తర్వాత ఇంకో మూడుసార్లు తిరిగాను. నేర్చుకునేవాడు కదా, అడుగడుక్కీ ఆగి సారును పిలిచేవాడు. ఆయన వెళ్లగానే నేనడిగేదాన్ని: "పంటి వేర్లలో మూడు కాలువలన్నావు. మూడూ శుభ్రం చేశావా, రెండేనా?"

"చేసినమ్మా! మా సార్ కంటే మీతోనే ఎక్కువ భయమైతుంది నాకు."

మెరిసే లోహపు క్యాప్‌తో కలిపి మొత్తం రెండు వేల రెండు వందలైంది. తెల్లది కావాలంటే ఇంకా కట్టాలన్నారు. వెనక పన్నుకు అందమెందుకన్నాను.

ఇప్పుడు నాకు అరవై నాలుగు. పన్ను స్థిరంగా ఉంది. వేయించిన పల్లీలు కుడి వైపు పటపట నములుతుంటే ఆ కొత్త ఉద్యోగస్థురాలు గుర్తొస్తుంది. కోటు అమ్మాయి దగ్గర ఫిల్ము లాక్కుని, కాబోయే డాక్టర్లిద్దరినీ నిలబెట్టి మాట్లాడిన ఆ మనిషి, అంతకు ముందు అరవై ఏళ్లూ నాలో ఎక్కడ కూర్చుందో నాకు తెలియదు. ఆలస్యంగానైనా వచ్చింది, సంతోషమే. ఒక ఇరవై ఏళ్లు ముందొచ్చి ఉంటే, ఎడమ వైపు కూడా నమిలేదాన్ని.