సాదియా ఇంటి సర్వర్

ఏ కంప్యూటర్ మూత విప్పబోయినా సాదియా ముందు కుడి అరచేతిని కిటికీ చువ్వకు ఆనిస్తుంది. ఒంట్లో ఉన్న కాస్త కరెంటు ఇనుములోకి పోవాలి, లేకపోతే లోపలి బోర్డు పాడవుతుంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్త అది ఏదో దువా, ప్రార్థన అనుకుని, తానూ పక్కన నిలబడి చేతులు చాచింది.

సాదియా కరీంనగర్‌లో పెళ్లి వీడియోలు తీస్తుంది. ముస్లింల పెళ్లిళ్లలో, ఆడవాళ్ల వైపు మాత్రమే. పరదా ఇవతలికి కెమెరా పట్టుకుని మగవాడు రాలేడు. లోపల ముసుగులు తీసి, ఢోలక్ చుట్టూ కూర్చుని, వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడేవాళ్ల మధ్య ఆమె తిరుగుతుంది. వాళ్లకు ఆమె ఇచ్చే మాట ఒకటే: ఈ బొమ్మ మగవాడి కంట పడదు. ఆ మాట మీదే ఆమెను పిలుస్తారు.

అందుకే ఇంటర్నెట్‌లో ఏదీ దాచదు. పడకగది మూలన ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చుకుంది. అందులో నాలుగు హార్డ్‌డిస్కులు. ఒకటి మామూలుది. మిగతా మూడూ బయటి నుంచి తగిలించుకునే రకం. తక్కువకు వస్తున్నాయని కొని, ప్లాస్టిక్ డబ్బాలు విప్పి, లోపలి డిస్కులు తీసి బిగించింది.

వానాకాలం తొలి పిడుగుకు సర్వర్ పవర్ సప్లై కాలిపోయింది. భర్త అవేజ్ కొత్తది తెచ్చి తానే బిగించాడు. అతను ఇళ్లకు వైరింగ్ చేస్తాడు. మూత మూసి స్విచ్ వేశాడు. సర్వర్ లేచింది. తెర మీద ఒక్క డిస్కే కనబడింది.

"మూడు ఏవి?" అంది సాదియా.

"లోపలనే ఉన్నయిగదా."

"మనకు కనవడ్తున్నయి. దానికి కనవడ్తలేవు."

ఆమె వైర్లు మార్చింది, సాకెట్లు మార్చింది. మామూలు డిస్కు ఎక్కడ పెట్టినా పలికింది. ఆ మూడూ ఎక్కడా పలకలేదు. వేలు ఆనిస్తే వణుకు లేదు, చల్లగా ఉన్నాయి.

లక్సెట్టిపేట చాంద్‌బీ కూతురు యుమ్నా పెళ్లి ఆ మూడింటిలోనే ఉంది. పెళ్లికి ముందు పసుపు రాత్రి చాంద్‌బీ తల్లి ఢోలక్ ముందుకు జరిగి, వరుసగా పాటలు పాడింది. పెళ్లయిన నెలలోపే ముసలామెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

ఆ వారమే చాంద్‌బీ తన తల్లి మందుల కోసం కరీంనగర్ వచ్చి, వీడియో తీసుకుపోదామని వీళ్లింటికి వచ్చింది. సాదియా దాచకుండా సంగతి చెప్పింది. చాయ్ గ్లాసు పట్టుకుని చాంద్‌బీ చాలాసేపు తాగలేదు.

"టవర్ సర్కిల్ కాడ మోయిజ్ దుకాణం ఉన్నది ఖాలా," అన్నాడు అవేజ్. "నా దోస్తే. పాడైన డిస్కులల్ల నుంచి గూడ తీసిస్తడు. కాపీ చేస్తడు, అంతే. చూడడు."

"చూడకుంటే వచ్చిందో రాలేదో ఆయనకెట్ల తెలుస్తది?" అంది సాదియా.

"కండ్లు మూసుకుంటడు."

"మీరు కండ్లు మూసుకుని వైరింగ్ చేస్తరా?"

"చేసినట్టే ఉన్నది బేటా," అంది చాంద్‌బీ.

అవేజ్ నవ్వాడు. ఆడవాళ్లిద్దరూ నవ్వలేదు.

సాదియా గ్లాసు కింద పెట్టింది. "ఖాలా, నాకు తెలిసినంత చేసి చూసిన. మీరు సరే అంటే మోయిజ్‌కిస్త."

చాంద్‌బీ కొంగు సర్దుకుంది. "అమ్మీ గొంతు నాకు కావాలె బేటీ. గని ఆ రాత్రి నేనొక్కదాన్నే కూసోలే. మా ఆడబిడ్డ లేచి ఆడింది. నీ మాట మీదనే ఆడింది. ఆమెనడగకుంట ఎట్లిస్తవ్?"

"అడుగుదమా?"

"అడిగితే కాదనదు, నా మొఖం చూసి. అందుకే అడగను." లేచి చెప్పులు వేసుకుంది. "దొరికితే దొరుకుతది. లేకుంటే లేదు."

ఆమె వెళ్లాక సాదియా మంచం కింద నుంచి ఒక పాత ప్లాస్టిక్ డబ్బా లాగింది. మూడు డిస్కుల్లో ఒకదాన్ని విప్పి, మళ్లీ దాని డబ్బాలోనే పెట్టి లాప్‌టాప్‌కు తగిలించింది. డిస్కు తిరిగింది. చేతిలో సన్నగా వణికింది. డబ్బాలో తిరిగేది సర్వర్‌లో తిరగడం లేదంటే దోషం డిస్కుది కాదు.

"ఇంటున్రా? పవర్ సప్లై మార్చినప్పుడు ఇంకేం తీసిన్రు?"

"ఏం తియ్యలే," అన్నాడు అవేజ్ వరండాలోంచి. "జాయింట్ వైర్లుండె, గవి పారేసిన. కొత్తదానికి సాకెట్లు మస్తున్నయి, సక్కగ డిస్కులకే కలిపిన. జాయింట్ ఉన్న కాడనే కాలుతది."

"ఏడ పారేసిన్రు?"

రాగి అమ్ముకునే స్క్రాప్ సంచిలో ఉన్నాయి. పాత సప్లైకి సాకెట్లు చాలక అప్పట్లో ఆమే వేసిన వైర్లవి. ఆమె వాటిని కొత్త వైరు పక్కన నేల మీద పరిచింది. జాయింట్ వైరులో నాలుగు తీగలు. కొత్తదాంట్లో ఐదు. ఎక్కువైనది నారింజ రంగుది.

ఫోన్‌లో వెతికితే అర్థమైంది. ఆ నారింజ తీగ నుంచి ఒక పిన్నుకు కరెంటు అందితే, ఈ మూడు డిస్కులూ దాన్ని ఆగమనే ఆజ్ఞగా తీసుకుంటాయి. మామూలు డిస్కు లెక్కచేయదు. ఇన్నేళ్లూ ఆ తీగ లేని జాయింట్ వైర్లే, ఆమెకు తెలియకుండా, వాటిని తిప్పుతూ వచ్చాయి.

జాయింట్ వైర్లు మళ్లీ తగిలించింది. డిస్కులు ఒకటి తర్వాత ఒకటి గిర్రుమన్నాయి. తెర మీద నాలుగు కనబడ్డాయి.

అవేజ్ గడప దగ్గర నిలబడ్డాడు. "నేనైతే సాఫ్‌గనే చేసిన."

"సాఫ్‌గనే చేసిన్రు. జర ఎక్కువ సాఫ్ చేసిన్రు."

అతన్ని బయటికి పొమ్మని, యుమ్నా పెళ్లి తెరిచింది. ముసలామె ఢోలక్ మీద అరచేయి వేసి, కాబోయే వియ్యపురాలి వంటను వెక్కిరిస్తూ పాట ఎత్తుకుంది. ఒక చరణం విని సాదియా ఆపేసింది. ఫోన్ చేసింది.

"ఉన్నది ఖాలా."

 "మొత్తమా?" అంది చాంద్‌బీ.

"మొత్తం. పొద్దుగాల్నే నేనే తెస్త."

మరునాడు పొద్దున్నే ఆమె లక్సెట్టిపేట బస్సెక్కింది. ఇంకో డిస్కులోకి చేసిన కాపీ ఒళ్లో సంచిలో ఉంది. రాయపట్నం వంతెన కింద గోదావరి మట్టి రంగులో పారుతోంది. చాంద్‌బీ అప్పటికే ఆడబిడ్డను, ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిపించి, మగవాళ్లను బజారుకు పంపింది. ముసలామెను దిండుకు ఆనించి కూర్చోబెట్టారు. సాదియా తలుపు గొళ్లెం వేసి, లాప్‌టాప్ తెరిచి, ఆమె ముందు పెట్టింది.