‘అన్నా’ అంటే బజారంతా తిరిగింది

మా అమ్మాయి షాహీన్‌కు ఉద్యోగం వచ్చింది! హైదరాబాద్‌లో, వెబ్ పేజీలు తయారుచేసే కంపెనీలో! శుక్రవారం పొద్దున్నే ఆ కబురు చెప్పాలని, దానికి చదువు చెప్పిన కంప్యూటర్ సారుకు ఫోన్ చేసి, "సారూ, వచ్చింది! మన పిల్లకు వచ్చింది!" అని అరిచాను. ఫోన్ ఎత్తింది సారు తమ్ముడు. "చాచా... అన్న లేడు. తెల్లారంగ గుండె ఆగింది" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకా పోలేదు. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు, నాకు చేతకాదు.

సారుది కాశిబుగ్గలో మా వెనక గల్లీయే. ముందుగదిలో పాత కంప్యూటర్లు పెట్టుకుని పిల్లలకు నేర్పేవాడు. నేను మగ్గం మీద జంపఖానాలు నేస్తాను. వాటిని అమ్మడానికి షాహీన్ ఒక పేజీ తయారుచేసింది. ఏది అమ్ముడుపోతే దాని కింద ‘అమ్ముడుపోయింది’ అని పడాలి. బటన్ నొక్కితే అన్నిటి కిందా పడింది! మండిపడుతూ షాహీన్‌ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి పోయాను.

"ఏందిది సారూ? మగ్గం మీదున్నది గూడ అమ్మిండ్రా?"

సారు పడీపడీ నవ్వి, "జర ఆగు చాచా" అని మమ్మల్ని బయటికి తీసుకొచ్చి, గల్లీలోకి "అన్నా!" అని కేకేశాడు. చాయ్ బండి దగ్గరివాళ్లు, ఆటో అతను, పాలబ్బాయి, అందరూ తిరిగారు.

"చూసినవా బిడ్డా? అన్ని జంపఖానాలకు ఒక్కటే క్లాసు పేరు వెట్టినవ్. ఆ పేరుతోటి పిలిస్తె అన్ని పలుకుతయి. ఒక్కదాన్నే మార్చాల్నంటే దానికి సొంత పేరుండాలె. దాన్నే ఐడీ అంటరు."

"పిలిచినవ్ గద, మరి చాయ్ ఎవరు పోయిస్తరు?" అన్నాడు ఆటో అతను.

"ఇగో, మా చాచా!"

పోయించాను కూడా.

షాహీన్ ఎర్ర అంచుదానికి ఒక పేరు పెట్టి, ఆ పేరుతో పిలిచింది. దాని ఒక్కదాని కిందే ‘అమ్ముడుపోయింది’ అని పడింది. నాకు గంతులేయాలనిపించింది! "ముందు పిలువు. పలికిందా చూడు. అప్పుడు మార్చు" అనేవాడు సారు. చూడకుండా మార్చబోయే పిల్లల చేతుల్లోంచి కీబోర్డు లాగేసేవాడు.

ఇంత జాగ్రత్త నేర్పిన మనిషి తన ఒంటిని పట్టించుకున్నాడా? కిందటి నెల ఛాతీ రుద్దుకుంటూ కనిపిస్తే, "దవాఖానకు పోదాం పా సారూ, నేనొస్త" అన్నాను.

"ఫికర్ జెయ్యకు చాచా, గ్యాసు. షాహీన్ ఇంటర్వ్యూ అయినంక పోత."

మా పిల్ల ఇంటర్వ్యూ నీ గుండె కంటే ఎక్కువా సారూ? ఎవరడిగారు నిన్ను? సంబరపడాల్సిన రోజున పళ్లు కొరుక్కునేలా చేశావు. అల్లా నీకు చల్లని చోటివ్వాలి. నేనొచ్చాక అక్కడే నిన్ను తిడతాను.

"ఇప్పుడు ఉద్యోగం సంగతి ఎవ్వరికి చెప్పకు అబ్బా" అని షాహీన్ ఏడుస్తోంది. ఎందుకు చెప్పను? అది సారు సంతోషం కూడా. రెండు కబుర్లూ కలిపే చెప్తాను. డోర్నకల్‌లో మా అక్కకు. రఘునాథపల్లిలో మా తమ్ముడికి. ఆడపిల్లకు కంప్యూటరెందుకన్న మా బామ్మర్దికి, గట్టిగా. సారు వాళ్లమ్మకు. ఆమె మాకు చుట్టం కాదు, ఒక కబురు ఆమెకు తెలిసిందే, అయినా ఉద్యోగం కబురు ముందు ఆమెకే చెప్పాలి. గడప మీద కూర్చుని ఉంది, క్లాసుకొచ్చే పిల్లలకు దారి వదిలి, ఒక పక్కకు జరిగి.