మూతకు పోయిన చీర

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నా అంత జాగ్రత్త గల మనిషి మదనపల్లెలోనే లేరని. రెండు, లోకంలో చీర మడతను మించిన భద్రమైన చోటు లేదని. ఈ రెండోది మా మేనత్త నేర్పింది. కుప్పం పక్క పల్లెలో పుట్టిన నన్ను నర్సింగు చదువు కోసం తన దగ్గరికి తెచ్చుకున్న మనిషి. రేషన్ కార్డు, కమ్మలు, కరెంటు బిల్లులు, టీవీ గ్యారంటీ కాగితం (ఆ టీవీ ఎప్పుడో పాతసామాన్ల బండెక్కింది) అన్నీ ఆమె బీరువాలో చీరల మడతల్లోనే ఉండేవి. అందుకే ఐర్లండు ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమై, వీసాతో పాస్‌పోర్టు చేతికి రాగానే నేనూ బీరువా తెరిచి తీవ్రంగా ఆలోచించాను. పట్టుచీరలో పెడితే దొంగ ముందు దాన్నే ఎత్తుకుపోతాడు. దొంగ కూడా ముట్టుకోని చీర కావాలి. అలాంటిది నా దగ్గర ఒకటుంది, కాఫీపొడి రంగు మీద పసుపు చుక్కలు. మొదటి జీతంతో ఏరికోరి కొనుక్కున్నాను. అది కట్టుకుని వార్డుకు పోయిన రోజు ఒక పేషెంటు నా చెయ్యి పట్టుకుని, "ఇంట్లో ఎవురన్నా పోయినారా తల్లీ?" అని అడిగింది. ఆ చీర మడతలో పాస్‌పోర్టు పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రయాణం ఇంకా నాలుగు రోజులుంది. ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను, అక్కడ ఫలానా తారీఖుకు చేరకపోతే ఆ ఉద్యోగమూ ఉండదు. కంటికి కునుకు లేదు. విమానంలో ఇరవైమూడు కిలోలే రానిస్తారని, పక్కింటాయన టమోటా మండీ నుంచి కాటా తెచ్చి నా పెట్టెను దాని మీద ఎక్కించాడు. ముప్పై ఎనిమిది! ఆయన ముల్లు వైపు వంగి చూసి, "ఒక బాక్సు టమోటాలు దించల్లమ్మా" అని తీర్పు చెప్పాడు (ఆయన లెక్కలో బాక్సంటే పదిహేను కిలోలు). చాప మీద మూడు కుప్పలు వేశాను. తీసుకుపోయేవి, ఇంట్లో ఉంచేవి, ఇచ్చేసేవి. ఒక్క చుడీదారూ ఒక కుప్పలో నిలవదు. నేను తీసినవన్నీ అత్త మళ్ళీ పెట్టెలో కుక్కుతుంది. "ఆడ ఎప్పుడూ వానంట, బట్టలు ఆరవు. ఇంకో రెండు పెట్టుకో" అంటుంది. ఇద్దరికీ ఒళ్ళు తెలియని కంగారు.

సరిగ్గా అప్పుడే వీధిలో "పాత బట్టలకు స్టీలు సామాన్లే!" అని కేక వినపడింది. అత్త ముఖం వెలిగిపోయింది. గంపలో తళతళలాడే పెద్ద డబ్బా మీద ఆమె కన్ను పడింది. అర్ధగంట బేరమైంది. నా ఆరు చుడీదార్లు, రెండు స్వెట్టర్లు, మూడు చీరలు మూటలోకి పోయాక కూడా సామాన్లామె డబ్బా మాత్రం ఇచ్చి మూత వెనక్కి లాక్కుంది.

"మూత కావాలంటే ఇంకో సీర పడల్లక్కా."

"మూత లేని డబ్బాను నేనేం సేసుకోవాల? నీకు న్యాయంగా ఉండాదా?" అని అత్త లేచింది.

నాకు విసుగొచ్చింది. ఈ బేరం తెగితే చాలనిపించింది. లోపలికి పోయి, బీరువాలో ఎవరికీ పనికిరాని చీర ఏదని చూసి, కాఫీపొడి రంగుది తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాను. (దొంగ ముట్టుకోని చీరే మనం మూతకిచ్చే చీర అవుతుందని అంత జాగ్రత్త గల మనిషికి తట్టలేదు.)

గంట తర్వాత, ఉద్యోగం చూపించిన ఏజెంటు ఫోన్ చేశాడు, వీసా పేజీ ఫొటో పంపమని. బీరువా దగ్గరికి నడిచాను. చెయ్యి పెట్టాను. అంతే, "పాస్‌పోర్టు!" అని అరిచాను.

"యాడ పెట్టినావు మే?" అంది అత్త.

"కాఫీపొడి చీరలో..."

అత్త గబగబా చెప్పులేసుకుంది. నేనైతే పెద్దగా ఏడ్చేశాను. సామాన్లామె బేరం మధ్యలో తనది పుంగనూరని, బస్టాండు వెనక వీధని అన్న మాట అత్తకు గుర్తుండటం మా అదృష్టం. దొరికిన బస్సెక్కాం. తిరిగిస్తేగానీ చీర రాదని అత్త డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మూత గట్టిగా బిగించి. "డబ్బాలో ఏముండాదమ్మా?" అని కండక్టరు అడిగితే, "మా పిల్ల బతుకుండాది, పోనీప్పా తొందరగా!" అని కసిరింది. నవ్వాల్సిన మాటే గానీ, నేను దారి పొడవునా మైలురాళ్ళు లెక్కపెడుతూనే ఉన్నాను.

ఇల్లు కనుక్కుని లోపలికి అడుగుపెడితే, ఆమె కత్తిపీట ముందు కూర్చుని చీరలు చించుతోంది. పనికిరానివి గ్యారేజీలకు తుడుపుగుడ్డలుగా పోతాయట. ఆ గుడ్డముక్కల్లో నా పసుపు చుక్కలు కనపడుతున్నాయేమోనని వెతికాను. ఆమె మాత్రం నింపాదిగా లేచింది.

"వస్తారనే ఉన్నా. రేపు మీ వీధికే తెద్దామనుకుంటి. మడత ఇప్పితే పుస్తకం పడె. మా ఇంట్లో పిలకాయిలు సేతులు పెడతారని బద్రంగా దాసినా" అంటూ ట్రంకుపెట్టె తెరిచింది. అడుగునున్న తన పెళ్ళి చీర తీసి, మడతలోంచి నా పాస్‌పోర్టు బయటికి తీసింది.

అత్త, ఆమె ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇంకేడ పెడతాం సెప్పు!" అంది అత్త, గర్వంగా. అప్పుడు నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలీదు. అత్త డబ్బా ముందుకు తోస్తే ఆమె తీసుకోలేదు. "బేరం బేరమేక్కా" అంది. కాఫీపొడి చీర ఇంకా చినగలేదు. పెట్టె బరువు తగ్గుతుందని పొద్దుట్నుంచీ ఒంటి మీదే ఉంచుకున్న కొత్త స్వెట్టరు విప్పి ఆమెకిచ్చి, చీర వెనక్కి తెచ్చుకున్నాను. పెట్టెలో దానికి చోటు చెయ్యడానికి రెండు జతల చుడీదార్లు దించాల్సి వచ్చింది.

మొన్న ఐర్లండులో నివాస కార్డు మార్చుకోవాలంటే పాస్‌పోర్టు కావాల్సి వచ్చింది. డ్రాయరులో లేదు, ఫైల్లో లేదు, తాళం వేసే పెట్టెలో లేదు. చలిలో చెమటలు పట్టి అత్తకు ఫోన్ చేశాను. వెనక డబ్బా మూత తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. "అరిచేది మాను మే. ఆ దరిద్రపు సీరలో సూసినావా?" అంది.

అక్కడే ఉంది.