సుద్దముక్కతో ఇంగ్లీషు

నాకు తెలుగు అక్షరాలే నలభై ఏళ్లు దగ్గరపడ్డాక వచ్చాయి. టాటానగర్ రైల్వే కాలనీలో మనవాళ్లు సాయంత్రాలు నడిపిన బడిలో నేర్చుకున్నాను. ఆ అక్షరాలు నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు. పలికింది రాస్తే అయిపోయేది. అందుకే ఇంగ్లీషు మీద అంత కోపం వచ్చింది.

యార్డులో నేను ఇనప బ్రేకు దిమ్మలు మోసే ఖలాసీని. నడుం పోయింది. పాడైన వ్యాగన్ల మీద సుద్దతో గుర్తులు రాసే పనికి మార్చాలంటే ఇన్‌స్పెక్టరు ముందు నాలుగు ఇంగ్లీషు మాటలు రాసి చూపించాలన్నారు. లేకపోతే మళ్లీ మోతే.

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి గచ్చు మీద రాసి నేర్పేది. మరమ్మతుకు పక్కన పెట్టిన బండిని 'సిక్' అంటాం. దాని చివర సి, మళ్లీ కె.

"ఏటే గుంటా, సి ఒక్కటీ సాలదా? పక్కన ఈ కె ఏటి సేత్తంది?"

"ఐసా హీ హోతా హై, నాన్నా." అదంతేనట.

"పనిలేనోడికి హాజరెందుకేత్తారే?"

"ముఝే క్యా పతా!" తనకేం తెలుసంటుంది.

కుడివైపుకి రాసే 'రైట్' ఇంకా ఘోరం. మధ్యలో జి, హెచ్ ఊరికే కూర్చున్నాయి. సుద్దముక్క విసిరికొట్టాను. కారణం చెప్పని చదువు నాకొద్దన్నాను.

మా అమ్మాయికీ విసుగొచ్చింది. ఈసారి తెలుగులోనే అంది: "నువ్వు హిందీ ఎలా నేర్సుకున్నావు? ట్రక్కు మగోడు, గాడీ ఆడది అంటే కారణం ఎవులైనా సెప్పారేటి?"

ఎవరూ చెప్పలేదు. ఇక్కడికొచ్చిన కొత్తలో నేను "గాడీ ఆయా" అన్నప్పుడల్లా గ్యాంగంతా ఆడదానికి అన్నట్టు "ఆయీ, ఆయీ!" అనాలని అరిచి నవ్వేది. వాళ్లు నవ్వగా నవ్వగా నాకు నోరు తిరిగింది. అప్పుడు పొట్టకోసం ఆ నవ్వులు పడ్డాను. ఇప్పుడు కాస్త వయసూ కాస్త గౌరవమూ వచ్చేసరికి నవ్వంటే భయం పట్టుకుంది. నేను కోపమనుకున్నది అదే.

మర్నాటినుంచి తిండివేళ యార్డు షెడ్డు గోడ మీద ఆ మాటలే అందరిముందూ రాశాను. "అరే దాదా, యే క్యా లిఖ్ దియా!" అని నా రాత చూసి కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వినవాళ్లే ఒప్పు రాసి చూపించారు. దాని కింద నేను మళ్లీ రాశాను.

పరీక్షలో మూడు మాటలు కుదిరాయి. నాలుగోదాంట్లో తప్పు చూసి ఇన్‌స్పెక్టరుకే నవ్వాగలేదు. "సహీ క్యా హై, సర్?" అని ఒప్పేదో అడిగి, ఆయన చెప్పినట్టు కింద రాశాను. ఆయన కళ్లు తుడుచుకుని, సోమవారం నుంచి దిమ్మలు మొయ్యక్కర్లేదన్నాడు.