కంప్రెసర్‌లో శుభలేఖ

నాన్న పంక్చర్ షాపులోని కంప్రెసర్‌ను విప్పి చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న శ్రీరామనవమి ముందురోజు, టేకులపల్లి రోడ్డంతా భద్రాచలం వెళ్లే బండ్లతో నిండి ఉండగా, కంప్రెసర్ గాలి పట్టడం మానేసింది. ఏడాది మొత్తంలో మాకు బాగా గిరాకీ ఉండే రోజది. నాన్న దిగులుగా కూర్చుంటే నేనే పానా అందుకున్నాను. పైమూత విప్పితే, దాని కింద గాలి బయటికి పోకుండా ఆపే అట్ట గాస్కెట్ చిరిగిపోయి ఉంది. కొత్తది కావాలంటే ఖమ్మం వెళ్లాలి. ఇంట్లో ఉన్న మందపాటి శుభలేఖను అదే ఆకారంలో కత్తిరించి, బిగించి, స్విచ్ వేశాను. మోటారు మూలిగింది కానీ మీటరు ముల్లు కదలలేదు.

“పెండ్లి పత్రిక పెడితే గాలెట్ల వస్తది బిడ్డా, పెండ్లికొడుకు వస్తడు గాని,” అన్నాడు టైరుకు గాలి కోసం ఆగిన ఆటో డ్రైవరు. అందరూ నవ్వారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

మళ్లీ విప్పి చూశాను. బోల్టులకు రంధ్రాలు పెట్టాను కానీ గాలి పోయే రంధ్రం మరిచిపోయాను. అది కోసి బిగించగానే ముల్లు పైకి లేచింది. నాకు గంతులేయాలనిపించింది. నన్నెప్పుడూ షాపు ముందు నిలబడనివ్వని నాన్న, గాలి పైపు తెచ్చి నా చేతిలో పెట్టి అన్నాడు:

“ఇంక జల్దీ కానీ బిడ్డా, ఆటోకు నువ్వే గాలి కొట్టు.”