టెంక కట్టని కాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు బేరం నేర్చుకున్నది నేనే, ఆగడం మాత్రం అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నదీ నేనే. బస్తరు రాజావారి ఏలుబడి నాటి మాట. కోంట దాటాక, దొర్లలనే అడవి జాతివాళ్ల ఊరి మొదట్లో మాది ఉప్పు, పొగాకు, పూసలు ఇచ్చి అడవి సరుకు తీసుకునే దుకాణం. నాకు తొమ్మిదేళ్లు. ఒక కాలు గుమ్మంలో ఉంటే ఒక కాలు వీధిలో ఉండేది. దీని అరికాళ్లలో చీమలున్నాయని అమ్మ అనేది.

మధ్యాహ్నాలు సర్కారు దవాఖానా కాంపౌండరు బాబాయి మా ఉప్పు బస్తాల మీద కూర్చుని నాకు రోజుకొక ఇంగ్లీషు మాట చెప్పేవాడు. రాజమండ్రి వైపు మనిషి. ఏ మాటకైనా పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే వదిలేవాడు కాదు. ఆ రోజు మాట ‘నూన్’. మిట్టమధ్యాహ్నం అని అర్థం చెప్పి అసలు కథ ఎత్తుకున్నాడు. ఆ మాట తొమ్మిది అనే లెక్కలోంచి పుట్టిందట. పొద్దు పొడిచినప్పటి నుంచి తొమ్మిదో గంట, అంటే మన మూడు గంటల వేళ. వాళ్ల మఠాల్లో సన్న్యాసులు ఉపవాసం రోజుల్లో ఆ వేళ ప్రార్థన అయ్యాకే ముద్ద ముట్టాలి. ఆకలికి ఓర్చుకోలేక ప్రార్థనను కాస్త కాస్త ముందుకు జరుపుకుంటూ వచ్చారని, చివరికి అది పన్నెండు దగ్గరికొచ్చి ఆగిందని చెబుతారట. మాట అదే, వేళే జరిగింది.

నాకు ఒళ్లు పులకరించింది. సన్న్యాసులే సూర్యుడితో బేరమాడి మూడు గంటలు తగ్గించుకున్నారు! నాకు కావలసింది ఎనిమిది రోజులే.

ఎనిమిది రోజుల్లో మామిడి పండుగ. కొత్త కాయ ముందు దేవతకు పెట్టాకే దొర్లవాళ్లు చెట్టు మీద చెయ్యి వేస్తారు. అంతకుముందు ఎవరైనా కోస్తే ఆ ఇంటివాళ్లను ఆ ఏడు పండుగ బంతిలో కూర్చోనివ్వరు, వాళ్లతో కలిసి ఎవరూ తినరు. ఇది నాకు తెలుసు. తెలిసే వెళ్లాను.

నా స్నేహితురాలు నా ఈడుదే, అవ్వ దగ్గర పెరిగిన దొర్ల పిల్ల. మా దుకాణంలో వేలాడే ఎర్రపూసల దండ మీద దాని కన్ను ఎప్పుడూ ఉండేది. వాళ్ల గుడిసె పక్కనున్న మామిడిచెట్టు కింద ఆ దండ దాని ముందు ఊపుతూ సన్న్యాసుల కథ చెప్పాను.

“నాలుగు కాయలే. ఎనిమిది రోజులు ముందైతే ఏమైతదే? దొరల దేశంల సాములే జరిపిండ్రంట.”

“మా అవ్వ సంపుతది.”

“రెండు. పో, ఒకటే.”

ఒక్క పచ్చి కాయకు దండ మొత్తం! ఊహ తెలిశాక నేను చేసిన బేరాల్లో అంత చెత్తది లేదు. అది దోటి ఎత్తింది, కాయ రాలింది. సరిగ్గా అప్పుడే అవ్వ కట్టెల మోపుతో వచ్చింది.

అవ్వ కేకలు వెయ్యలేదు. కాయను కత్తితో రెండుగా కోసింది. కత్తికి ఏమీ అడ్డు తగల్లేదు. లోపల టెంక లేదు, మెత్తటి తెల్లటి జీడి ఒక్కటే ఉంది.

“ఏందే సావుకారి పిల్లా, గంత జల్దీ?”

నేను ఊరుకోలేదు, ఆమెకూ సన్న్యాసుల కథ వినిపించాను. అంతా విని నవ్వింది.

“వాళ్ల కడుపు, వాళ్ల పొద్దు, జరుపుకున్నరు. ఈ చెట్టు ఊరందరిది. టెంక కట్టకముందే కోస్తే ఒరుగుకు రాదు, ఇత్తుకు రాదు. నీ అసొంటోళ్లు ఆగరనే పెద్దలు పండుగ పెట్టిండ్రు.”

దండ నా చేతిలోనే పెట్టి పంపింది. కానీ దారిన పోయేవాళ్లెవరో ఆ కాయ చెక్కలు చూశారు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఆ ఎనిమిది రోజులూ నేను ఒకచోట కూర్చోలేదు. ఊరి పెద్ద ఇంటి ముందు ఎన్నిసార్లు తిరిగానో. నా స్నేహితురాలిని బంతిలోంచి లేపేస్తారా?

పండుగనాడు మమ్మల్నీ పిలిచారు. కాయ కోసిందెవరని ఊరి పెద్ద అందరిముందూ అడిగాడు. నా స్నేహితురాలు తల వంచుకుంది, నా పేరు చెప్పలేదు. కోయించింది నేనేనని చెప్పాల్సినదాన్ని, అమ్మ కొంగు వెనక్కి జరిగాను. దేని మీదైనా గంటసేపు వాదించగల నోరు నాది.

అవ్వ లేచింది. “నా కట్టెల మోపు తగిలి రాలింది. తప్పు నాది” అని, గుడ్లు పెట్టే తన ఒక్కగానొక్క కోడిని తెచ్చి తప్పు కింద పెద్ద ముందు పెట్టింది. ఆయన కోడిని అందుకుని, పిల్లను బంతిలో కూర్చోమన్నాడు. అవ్వ నావైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమైంది.

ఆ సాయంత్రమే దండ తీసుకెళ్లి నా స్నేహితురాలి మెళ్లో వేశాను, బదులేమీ అడగలేదు. నేను ఊరికే ఇచ్చిన వస్తువు అదొక్కటేనని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. అరికాళ్లలో చీమలు ఇంకా పోలేదు, పోవు కూడా. కాకపోతే ఏ బేరంలోనైనా త్వరగా తేల్చమని నోరు తెరవబోయే ముందు, నా తొందరకు ఎవరి కోడి పోతుందోనని ఒకసారి చుట్టూ చూస్తాను.